జీపునకు పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సు : మేము నేర్చుకొన్నది

(గత ఆదివారము సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



లోనికి వచ్చునపుడు గేటు ప్రక్కన నిలిపియున్న ఆకుపచ్చ మహీంద్రా జీపును మీరందరును చూచియుందురు. పిల్లలు కొందరు దానిలోనికి తొంగిచూచి "దీనికి క్లచ్చు ఏది?" అని అడుగుటయు మేము వింటిమి. దానికి క్లచ్చు లేదు. పూర్వముండెడిది, మేము తీసివేయించి, దాని గేర్‌బాక్సునకు బదులు పాతకాలపు ఆటోమేటిక్ గేర్‌బాక్సు నొకదానిని పెట్టించితిమి. ఆ పని యెట్లు సాగినదో, అందు మేము చేసిన తప్పులెవ్వియో చెప్పుమని కార్యదర్శిగారు మమ్ములను ఇక్కడ నిలబెట్టిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి మోటారు విడిభాగముల దుకాణమున కూర్చున్నవారము. ఇంజనీరింగు పుస్తకము చదివి చెప్పుట మావల్ల కాదు. చేతులకు నూనె అంటిన మేరకు చెప్పెదము.

ఆ జీపు మాది కాదు. మన వారిలోనే ఒకరిది. పేరు చెప్పవద్దని కోరిరి కనుక చెప్పము. వారు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో చాలకాలము డంపరు నడిపినవారు. కొన్నేండ్ల క్రిందట ఒక రాత్రి మోటారు సైకిలు ప్రమాదములో వారి ఎడమకాలు మోకాటి క్రింది భాగము పోయెను. ఉద్యోగము నిలిచినది గాని డంపరు పోయెను; ఆఫీసులో కుర్చీ దొరకెను. రాజురా వైపున వారికి ఎనిమిదెకరముల రేగడి పొలము కలదు. ప్రత్తి, సోయా వేయుదురు. ఆ పొలమునకు పోవు బాట వానకాలమున బాటగా నుండదు. చక్రము సగము దిగబడు బురద. మామూలు కారు అక్కడికి పోదు. జీపు పోవును, కాని జీపునకు క్లచ్చు నొక్కవలెను, క్లచ్చు నొక్కుటకు ఎడమకాలు కావలెను. రెండు వానకాలములు వారు కౌలుదారు మాటపై ఆధారపడి, పొలము చూడకయే పంట లెక్కలు వినిరి. రెండేండ్లును నష్టమే.

2022 దసరా ముందు ఒకనాడు వారు మా దుకాణమునకు వచ్చి, కఱ్ఱను కౌంటరునకు ఆనించి ఇట్లనిరి: "అన్నా, డంపరుకు క్లచ్చు లేకుండె గదనే. అరువై టన్నులది నడిపిన. గీ జీపు నడుపరాదా?"

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానము లేకపోయెను. నిజమే కదా! గనులలో తిరుగు పెద్ద డంపర్లకు ఇంజనునకును గేర్లకును నడుమ టార్క్ కన్వర్టరు అను నూనె నిండిన డొల్ల యుండును. దానిలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రములు. ఒకటి ఇంజనుతో తిరిగి నూనెను చిమ్మును. ఆ నూనె తాకిడికి రెండవది తిరిగి గేర్లను త్రిప్పును. ఒక విద్యుత్ పంకా గాలికి ఎదుటి పంకా తిరుగుట వంటిది. ఆ రెంటి నడుమ స్టేటరు అను మూడవ చిన్న చక్రముండి, తిరిగివచ్చు నూనెను సరియైన దిక్కునకు మరల్చును. అందుచే బండి కదలునప్పుడు ఇంజను బలము దాదాపు రెండింతలై చక్రములకు చేరును. ఇనుము ఇనుముతో ఒరసికొనదు. బండి ఆగినను ఇంజను ఆగదు. కాలితో నొక్కవలసినది బ్రేకు, యాక్సిలరేటరు మాత్రమే. రెండును కుడికాలి పనియే.

చేతితో లాగు క్లచ్చు మీటను అమర్చవచ్చునని మా మిస్త్రీ మొదట సూచించెను. అట్టివి కార్లకు అమర్చుట కలదు. కాని బురదలో జీపు నడుపువానికి ఒక చేయి స్టీరింగుపై, ఒక చేయి గేరు కఱ్ఱపై నుండవలెను. క్లచ్చు మీటకు మూడవ చేయి యెక్కడినుండి తెత్తుము? ఆ యాలోచన అంతటితో విడిచితిమి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు పట్టణపు సుకుమారుల బండ్లకే గాని అడవి బాటలకు పనికిరాదని మనలో ఒక అపోహ కలదు. మాకును ఉండెడిది. జనరల్ మోటార్సు వారి హైడ్రామాటిక్ గేర్‌బాక్సు 1940 నమూనా ఓల్డ్స్‌మొబైలు కార్లతో బజారునకు వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా వారి స్టూవర్టు తేలిక టాంకుల కొన్నింటిలో పనిచేసెను. టాంకు కంటె మొరటు బండి యేది? జీపుల సంగతికి వచ్చినచో, 1963 నమూనాగా వెలువడిన జీప్ వాగనీరునకు నాలుగు చక్రముల నడకతోబాటు ఆటోమేటిక్ గేర్‌బాక్సు కూడ దొరకెడిది. మన జీపునకు దాయాదియైన సీజే-7కు 1976లో అది వచ్చెను. మన దేశములో మాత్రము స్వాతంత్ర్యానంతరపు తొలి సంవత్సరములనుండి మహీంద్రా వారు విల్లీస్ వంశపు జీపులను లక్షలకొలది చేసినను, ఆ పాత జీపులకు ఆటోమేటిక్ ఎన్నడును పెట్టలేదు. కావున మాకు చూచి చేయుటకు దగ్గరలో నమూనా లేకపోయెను.

ఇక ఏ గేర్‌బాక్సు తేవలెను? ఇక్కడ యువకులు శ్రద్ధగా వినవలెను. మాకు ఉత్తరములు వ్రాసిన వారిలో సగము మంది ఇచ్చటనే పొరబడుచున్నారు. ఇప్పటి ఆటోమేటిక్‌లను కంప్యూటరు నడుపును. ఇంజనులోని కంప్యూటరుతో దానికి మాట కుదిరిననే అది గేరు మార్చును. ముప్పదియేండ్ల నాటి డీజిలు జీపులో మాట్లాడుటకు కంప్యూటరే లేదు. పాత ఆటోమేటిక్ అట్లు కాదు. దాని అడుగున వాల్వ్ బాడీ అను అల్యూమినియము దిమ్మె యుండును. అందు సన్నని కాలువలు, స్ప్రింగులు, చిన్న చిన్న వాల్వులు. బండి వేగమును బట్టి ఒక నూనె ఒత్తిడి, యాక్సిలరేటరును బట్టి మరియొక నూనె ఒత్తిడి. ఈ రెండును ఎదురెదురుగా త్రోసికొని, ఏది గెలిచిన దానిని బట్టి గేరు మారును. తీగలు లేవు, చిప్పులు లేవు. మన మిస్త్రీ విప్పి, కడిగి, కంటితో చూచి బిగింపగలిగినది. అందుకే పాతది కోరితిమి.

కాని పాతవానిలోను భేదములు గలవు. యాక్సిలరేటరు ఎంత నొక్కితిమో గేర్‌బాక్సునకు తెలియుటకు రెండు మార్గములు. అమెరికాలో 1969 నమూనానుండి వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 వంటివి పెట్రోలు ఇంజను పీల్పును, అనగా వాక్యూమును, రబ్బరు గొట్టము ద్వారా గ్రహించును. డీజిలు ఇంజనులో అట్టి పీల్పు పుట్టదు. బ్రేకుల కొరకు పెట్టిన వాక్యూము పంపు ఉన్నను, దాని పీల్పు యాక్సిలరేటరుతో హెచ్చుతగ్గులు కాదు. అట్టి గేర్‌బాక్సు డీజిలు జీపులో గుడ్డిదగును. రెండవ రకమునకు యాక్సిలరేటరునుండి సన్నని ఉక్కు కేబులు వచ్చును. దానిని డీజిలు పంపు మీటకు కట్టవచ్చును. జపాను దేశపు ఐసిన్ వార్నర్ వారి నాలుగు గేర్ల గేర్‌బాక్సులు ఈ జాతివి. 1980ల నాటి పజేరో వంటి 2.5 లీటర్ల డీజిలు బండ్లలో ఇవి వాడుకలో నుండెను. మన జీపులోనిది ప్యుజో వారి రూపకల్పనయైన 2,112 సి.సి. డీజిలు ఇంజను. బలమున రెండును మరీ దూరపువి కావు గనుక కన్వర్టరు కూడ సరిపడునని ఎంచితిమి. ఢిల్లీలోని మాయాపురి పాత సామానుల బజారునుండి అట్టిదొకటి లారీలో మా గుమ్మము ముందు దిగెను. తూకము వేయించితిమి గాని చెప్పిన నమ్మరు. నలుగురు ఎత్తవలసి వచ్చెను.

ఇంజను కూడ మార్చి, ఆటోమేటిక్‌తో కలిసివచ్చు జపాను ఇంజనునే పెట్టిన పని సులభము గదా అని అడుగుదురు. సులభమే. అయితే ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకములో నున్నది. ఇంజను మారిన ఆ కాగితము మారవలెను. ఉన్న ఇంజనును కదపరాదని మేము మొదటి దినముననే నిశ్చయించితిమి. పదునొకండు నెలలలో మేము చేసిన తెలివైన పనులలో అది యొకటి. అవి యెక్కువ లేవు.

ప్యుజో ఇంజను వీపు రంధ్రములు వేరు, జపాను గేర్‌బాక్సు ముఖము రంధ్రములు వేరు. నడుమ ఉక్కు పలక యొకటి కోయించి రెండు వైపుల రంధ్రములు వేయించవలెను. పలక ఎవరైన కోయుదురు. ఇంజను క్రాంకు నడిబొడ్డును గేర్‌బాక్సు నడిబొడ్డును ఒకే గీతపైకి తెచ్చుట కష్టము. డయలు గేజీని క్రాంకునకు కట్టి చుట్టు త్రిప్పి చూచినపుడు ముల్లు పావు మిల్లీమీటరునకు మించి కదలరాదు. మొదటిసారి మాకు దాదాపు ఒక మిల్లీమీటరు తేడా వచ్చెను. "వంటపాత్రకు మూత సరిపోయినట్లు సరిపోయినది సేఠ్, బిగించుదము" అని లేతు మిస్త్రీ అనెను. బిగించియుండినచో పంపు బుష్షు కొలది దినములలో అరిగి నూనె కారియుండును. పలకను రెండుసార్లు మరల చేయించితిమి. బరువైన ఫ్లయివీలును తీసి, దాని స్థానమున సన్నని ఫ్లెక్సు ప్లేటు పెట్టవలెను. దాని అంచు పళ్ళు మన స్టార్టరు పళ్ళతో కలియవలెను. అదియు లేతుపై పుట్టినదే.

వెనుక వైపు మరియొక చిక్కు. మన పాత జీపులలో ట్రాన్స్‌ఫర్ కేసునుండి వెనుకకు పోవు షాఫ్టు బండి నడుమ గీతపై నుండదు, ఒక ప్రక్కకు జరిగియుండును. ముందు షాఫ్టును అంతే. క్రొత్త గేర్‌బాక్సుతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ కేసునే వాడుదమనుకొంటిమి గాని దాని షాఫ్టుల స్థానములు మన ఇరుసులకు కుదరలేదు. పైగా పాత జీపుల చేతి బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనే బిగించియుండును. దానిని తీసివేసిన చేతి బ్రేకు కూడ పోవును. కనుక జీపు ట్రాన్స్‌ఫర్ కేసునే నిలిపి, నడుమ రెండవ పలకయు ఒక చిన్న షాఫ్టును చేయించితిమి. దానితో మొత్తము పొడవు పెరిగి వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును కోసి కుఱుచ చేయవలసి వచ్చెను. షాఫ్టు కుఱుచైన కొలది దాని వాలు పెరుగును, జాయింట్లకు బాధ పెరుగును. మనది కొంచెము పొడవైన నమూనా గనుక గడచినది. 80 అంగుళముల చక్రాంతరము గల పాత సీజే-3బీ వంటి దానిపై ఎవరైన ఈ పని తలపెట్టుచున్నచో ముందుగా టేపు పట్టుకొని బండి క్రిందికి దూరవలెను. గేర్‌బాక్సు కొనుట తరువాత.

ఇంతవరకు ఇనుము పని. ఇక మా తప్పులు.

మొదటిది చిన్న తీగ విషయము. ఆటోమేటిక్ బండిలో గేరు మీట పార్కు లేక న్యూట్రలులో నున్నప్పుడే స్టార్టరు తిరుగవలెను. దానికై గేర్‌బాక్సు ప్రక్కన స్విచ్చి యొకటి యుండును. ఆ స్విచ్చిని పిమ్మట కలుపుదము, ముందు ఇంజను శబ్దము విందము అని తొందరపడితిమి. మీట డ్రైవులో నున్న సంగతి ఎవరును చూడలేదు. తాళము త్రిప్పగనే ఇంజను అందుకొని జీపు ముందుకు దూకి, పనివాని బల్లను గోడకు నొక్కెను. రెండు క్షణముల ముందు ఆ బల్ల ముందు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు కూర్చుండి బోల్టులు ఏరుచుండెను; చాయ్ తెచ్చుటకు లేచెను. ఆ దినము మరి పని చేయలేదు. షెడ్డు మూసి అందరము ఇండ్లకు పోతిమి.

రెండవ తప్పునకు మేమే కర్తలము. మిస్త్రీపై వేయుటకు వీలులేదు. టార్క్ కన్వర్టరులో నూనె చిలుకబడుటయే పని గనుక, బండి కదలుటకు పోని బలమంతయు నూనెలో వేడిగా మారును. అందుచే నూనెను బయటికి పంపి చల్లార్చి మరల లోనికి తెచ్చుటకు రెండు గొట్టము లుండును. పాత జీపు రేడియేటరులో ఆ నూనెకు చోటు లేదు. కూలరు వేరుగ కొనవలెను. 2023 మే నెల. బండి నడుచుచున్నది, జీపు యజమాని ఆనందమునకు మేర లేదు, కూలరు ఇంకను రాలేదు. "రెండు దినముల ట్రయలుకు కూలరేల? రెండు గొట్టములను ఒకదానికొకటి కలిపివేయుడు" అని మేమంటిమి. ఇరువది యేండ్లు దుకాణము నడిపిన నోటితో అంటిమి.

మే నెల చంద్రపూరు ఎండను గూర్చి మీకు చెప్పనక్కరలేదు. నీడలోనే 46 డిగ్రీలు. వారు పొలమునకు పోయి, లో రేంజి వేయక, హై రేంజిలోనే గట్టు ఎక్కించుచు దించుచు గంటకు పైగా తిరిగిరి. కాలు పోయిన పిమ్మట మొదటిసారి తన పొలమును తాను చుట్టివచ్చుచున్న మనిషి. త్వరగా దిగునని మేమును అనుకొనలేదు. ఈ నూనె సాధారణముగ 80, 90 డిగ్రీలలో పనిచేయును. 120 దాటినచో త్వరత్వరగా చెడును. రబ్బరు సీళ్ళు గట్టిపడును. లోపలి క్లచ్చు పలకలు జారి మాడును. మొదట రివర్సు పోయెను. తరువాత ముందుకును కదలలేదు. డిప్‌స్టిక్కు తీసి చూడగా ఎఱ్ఱగా నుండవలసిన నూనె కషాయమువలె నల్లబడి, మాడిన వాసన కొట్టెను. ట్రాక్టరుతో లాగి తెచ్చితిమి.

ఆ సాయంకాలము వారింట కూర్చున్నప్పుడు మాకొక సంగతి తెలిసెను. ఆ గేర్‌బాక్సు కొనుటకు వారి ఇల్లాలు మెడలోని గొలుసును కుదువ పెట్టినది. వారు మాతో ఆ మాట అనలేదు. చిన్నపిల్ల నోట బయటపడెను. "తప్పు నాది గూడనే అన్నా, లో వేయక పోతి" అని వారనిరి. మాకు అన్నము సయించలేదు. రెండవ గేర్‌బాక్సును మేము తెప్పించితిమి. దీనిని దానమని ఎవరును అనవలదు. మా నోటివలన మాడినదానికి మేము చెల్లించితిమి, అంతే. గొలుసు అప్పు మాత్రము వారే తీర్చుకొనిరి, మమ్ములను ముట్టనీయలేదు.

రెండవదానిని పెట్టుటకు ముందే కూలరు పెట్టితిమి. రేడియేటరు ముందు గాలి తగులు చోట పెద్ద కూలరు, దానికి వేరుగ విద్యుత్ పంకా, నూనె తొట్టిలో ఉష్ణమాపకము, దాని ముల్లు డ్రైవరు కన్నుల ముందు. పాత నూనె మసి గొట్టములలో మిగులును గనుక ఆ గొట్టములను మరల వాడలేదు. యాక్సిలరేటరు కేబులును పట్టి పట్టి సరిచేసితిమి. అది వదులుగా నున్నచో లోపలి నూనె ఒత్తిడి తగ్గి, గేర్లు మెత్తగా హాయిగా మారును. ఆ హాయికి మోసపోరాదు, పలకలు జారి మాడుచుండును. కన్వర్టరును గేర్‌బాక్సులోనికి త్రోయునపుడు అది పంపు పళ్ళలో పూర్తిగా కూర్చొనవలెను. గేర్‌బాక్సును ఇంజనునకు ఆనించి బోల్టులు బిగించిన పిదపను కన్వర్టరు చేతితో సుళువుగా తిరుగుచు, ఫ్లెక్సు ప్లేటునకు దానికి నడుమ కొలది మిల్లీమీటర్ల సందు ఉండిననే సరియైనట్లు. సందు లేకున్న, బోల్టులతో బలవంతముగ లాగినచో, పంపు పగులును. ఈ ఒక్క మాట మీకు జ్ఞాపకమున్నచో మేము వచ్చిన పని సగము నెరవేరినట్లే.

కాగితముల విషయము కొందరికి విసుగు. కాని చెప్పక తప్పదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన దానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పెను. అదే సంవత్సరపు సవరణ చట్టము అనుమతి లేని మార్పునకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలలవరకు జైలు, లేక రెండును విధించుటకు వీలు కల్పించెను. అయితే అదే చట్టములో అంగవైకల్యము గలవారి కొరకు మార్చిన బండిని వేరుగ గుర్తించు ఏర్పాటు కూడ కలదు. ముందుగా అనుమతి కోరవలెను, తనిఖీకి బండి చూపవలెను, లైసెన్సు కూడ అట్టి బండికే తీసికొనవలెను. మేము గేర్‌బాక్సు దిగిన తరువాత దరఖాస్తు వ్రాసితిమి, దిగకముందే వ్రాయవలసినది. అందుచే ఆమోదము చేతికి వచ్చువరకు ఆ జీపు ఎం.హెచ్. 34 పలక తగిలించుకొని పొలము గట్టు దాటక నిలబడెను. బీమా వారికి కూడ మార్పు తెలియజేయవలెను. సరదాకు గేర్‌బాక్సు మార్చగోరు యువకులకు ఈ మార్గము లేదు. వారు మా వద్దకు పలక కొరకు రావలదు, అమ్మము.

డబ్బు గలవారికి ఇంత శ్రమయు అనవసరము. 2020లో వచ్చిన రెండవ తరము థారునకు కంపెనీయే ఆరు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చెను. 2023లో మారుతి వారు విడుదల చేసిన జిమ్నీకి నాలుగు గేర్ల ఆటోమేటిక్ కలదు; ఇంత క్రొత్త బండికి నాలుగే గేర్లా అని కొందరు నవ్విరి, మేము నవ్వలేదు. మన వారికి ఆ స్తోమతు లేదు, జీపు మాత్రము ఇంట నున్నది.

నష్టములు దాచము. జీపు మునుపటికంటె మందముగా అందుకొనును, డీజిలు కొంచెము ఎక్కువ త్రాగును. దిగుడులో ఇంజను పట్టు తక్కువ; మీటను క్రింది గేరునకు దించి పోవలెను. బ్యాటరీ దిగినచో త్రోసి స్టార్టు చేయుట కుదరదు, పంపు తిరుగనిదే నూనె ఒత్తిడి లేదు. లాగికొనిపోవలసి వచ్చినచో ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రలులో పెట్టవలెను. లేనిచో నూనె లేక గేర్లు అరుగును. ఇంకొకటి, ఇది ప్రమాదకరము. మీటను పార్కులో పెట్టితిమి గదా అని ధైర్యపడి దిగిపోవుదురు. పార్కు కొక్కెము గేర్‌బాక్సులో నున్నది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రలులో నున్నచో చక్రములకును ఆ కొక్కెమునకును సంబంధమే లేదు. బండి పల్లమునకు దొరలిపోవును. పాత చేతి బ్రేకును మేము వదలుకొనకపోవుటకు ఇది మరియొక కారణము.

బురదలో మాత్రము దాని గుణము చూడవలసినదే. మునుపు రేగడిలో క్లచ్చు వదలుటలో రవంత తొందరపడినను చక్రము గిర్రున తిరిగి గొయ్యి త్రవ్వుకొనెడిది. ఇప్పుడు లో రేంజి వేసి, బ్రేకు మెల్లగా వదలిన, బలము నీటివలె వచ్చి చక్రమునకు చేరును. గత రెండు వానకాలములును వారు తమ ప్రత్తి చేలను తామే చూచుకొనిరి. కౌలు మాన్పించి ఈ యేడు స్వంతముగ వేయించిరి. పంట యెంత వచ్చునో మాకు తెలియదు, వాన సంగతి మన చేతిలో లేదు.

ప్రశ్నలున్నచో ఇక్కడ కంటె బండి వద్ద అడుగుట మేలు. నూనె మట్టమును ఇంజను వేడెక్కి, నడుచుచుండగనే చూడవలెను గనుక, ఒక పావుగంట దానిని నడిపి తెత్తురు. యజమానియే నడుపుదురు. పిల్లలను దూరముగ నిలుపుడు. బానెట్టు తెరచునపుడు కూలరు పంకా తనంతట తానే తిరుగనారంభించును, చేతులు పెట్టరాదు.